తిన్నాక, మూడు పూటలు

మా ఆయన ఈ సంగతులు రాయమని చాలాసార్లు అడిగాడు. ఎవరు చదువుతారు అనేదాన్ని. నేను చదువుతాను కదా అనేవాడు. ఆయన పోయి ఏడాది దాటింది. చదివే ఆ ఒక్క మనిషీ లేకుండా పోయాక రాయడానికి కూర్చోవడం తెలివైన పని కాదని నాకు తెలుసు. ఆయన సంతాప సభలో నలుగురు మాట్లాడారు. వాళ్లు వర్ణించిన మనిషి ఎవరో నేను పోల్చుకోలేకపోయాను. అందుకని ఇక్కడ ఎవరినీ వర్ణించను. జరిగింది రాస్తాను.

ఇది ఇళ్లకు వెళ్లి ముసలివాళ్ల మందులు చూసే పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం. నాకు ఏ సంవత్సరం ఏ హోదా వచ్చిందో మీకు అక్కరలేదు. వచ్చిన హోదాల వల్ల ఏ ముసలివాళ్లూ మందు మింగలేదు.

పని

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు ఆబిడ్స్‌లో డాక్టర్ కిషన్‌రావుగారి దగ్గర నర్సుగా చేరాను. రాష్ట్రం మారిన ఏటివరకు అక్కడే ఉన్నాను. బట్టల దుకాణం పైన రెండు గదుల క్లినిక్. మెట్లు నిటారుగా ఉండేవి. గుండె జబ్బువాళ్లు ఆ మెట్లెక్కి వచ్చారంటే సగం పరీక్ష అయిపోయినట్టేనని డాక్టరుగారు అనేవారు. అది హాస్యమో కాదో నాకు చివరిదాకా తెలియలేదు.

మొదట్లో నా పని క్లినిక్‌లోనే. ఇళ్లకు పంపడం తరువాత మొదలైంది. దానికి కారణం ఒక అల్మారా. డాక్టరుగారు ఒక పాత రోగి ఇంటికి భోజనానికి వెళ్లారు. చేతులు తుడుచుకునే తువ్వాలు కోసం ఎవరో అల్మారా తెరిస్తే, తాను రాసిచ్చిన మందు సీసాలు వరసగా, బిరడా తీయకుండా కనిపించాయట. ఆ రోగి చనిపోలేదు. నిక్షేపంగా ఉండి ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాడు. డాక్టరుగారిని ఎక్కువ బాధపెట్టింది అదే.

మర్నాడు నన్ను పిలిచి, "ముసలోళ్లు మర్చిపోతున్నరు. నువ్వు పోయి జర యాది చేసి రా" అన్నారు.

నా పని గుర్తు చేయడమే అనుకుని బయలుదేరాను. కొన్ని నెలలు అలాగే అనుకున్నాను. కాని నేను చూసిన ముసలివాళ్లలో నిజంగా మరిచిపోయేవాళ్లు కొద్దిమందే. ఇవాళ ఏ వారమో తెలియని మనిషికి కూడా ఫలానా పెళ్లిలో తనకు విస్తరి ఆలస్యంగా వేసింది ఎవరో గుర్తుండేది. మందు వేసుకోకపోవడానికి వాళ్ల దగ్గర కారణం ఉంటుంది. అది మనకు చెప్పదగ్గ కారణమని వాళ్లకు తోచదు, అంతే.

ఆబిడ్స్ వెనక గల్లీలో ఒక రిటైరైన కచేరీ పేష్కారు ఉండేవారు. అప్పట్లో మిక్స్చర్ సీసాకు పక్కన కాగితపు పట్టీ అంటించి, పూటకు ఒక గాటు చొప్పున కత్తిరించి ఇచ్చేవాళ్లం. ఆయన రోజుటి గాట్లన్నీ పొద్దున లేవగానే తాగేసేవారు. అడిగితే, పనిని సాయంత్రానికి పెండింగు పెట్టడం తన సర్వీసులో లేదన్నారు. ఆయన మరిచిపోలేదు. ఆయనకు గుర్తు చేయవలసింది ఏమీ లేదు. చివరి గాటుకు "సాయంత్రం దాఖలయ్యే కాగితం" అని పేరు పెట్టి ఒప్పించాను. ఆ తరువాత ఇబ్బంది రాలేదు.

గడియారాన్ని నమ్ముకోవద్దని త్వరగానే తెలిసింది. గడియారం ఉన్న ఇళ్లలో అది ముందుగదిలో ఉండేది, మందు ఇవ్వవలసిన ఆడవాళ్లు వంటింట్లో ఉండేవారు. అందుకని మందును ఇంటిపనికి ముడిపెట్టేదాన్ని. నల్లా నీళ్లు పట్టినప్పుడు ఒకటి, మగవాళ్లు ఆఫీసుకు పోయాక ఒకటి, దీపం పెట్టినప్పుడు ఒకటి. మందు మరిచిపోయే ఇల్లాలు ఉంటుంది కాని నల్లా వచ్చే వేళ మరిచిపోయే ఇల్లాలు ఆ రోజుల్లో హైదరాబాదులో లేదు.

డాక్టరు

కిషన్‌రావుగారు మంచి వైద్యుడు. చెవికి గొట్టం పెట్టుకుంటే గుండె చెప్పేదంతా వినేవారు. గొట్టం తీశాక మనిషి చెప్పేది అంతగా వినేవారు కాదు. వచ్చినవాళ్లందరికీ ఒకే మాట చెప్పేవారు: "తిన్నంక, మూడు పూటలు." ఆ మాట చెబుతూనే తరువాతి మనిషిని పిలిచేవారు. ఆయన రోజుకు మూడు పూటలు తినేవారు. ఎదుటివాళ్లూ అలాగే తింటారని ఆయన నమ్మకం.

ఆయన గురించి ఇంతకంటే కఠినంగా రాయగలను. కాని నాంపల్లి ఇంట్లో ఆయన ఏం చేశారో నేను చూశాను కనుక రాయను.

నాంపల్లి ఇల్లు

స్టేషన్ రోడ్డు నుంచి లోపలికి పోయే సందులో రుక్మాబాయమ్మ అనే పెద్దావిడ ఉండేది. భర్త పోయి చాలా ఏళ్లైంది. కొడుకు రాఘవరావు రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. కోడలు యశోద. పిల్లలు లేరు. పెద్దావిడకు గుండె వేగం అదుపు తప్పింది, కాళ్లు వాచాయి. డాక్టరుగారు డిజిటాలిస్ గోలీలు ఇచ్చారు. ఆ గోలీ గుండెను నెమ్మది చేస్తుంది. ఎక్కువైతే మరీ నెమ్మది చేస్తుంది.

కొన్ని వారాలు చూసినా గుండె వేగం తగ్గలేదు. డాక్టరుగారు పూటకు ఒక గోలీని రెండు చేశారు. అయినా తగ్గలేదు. ఈసారి కొడుకు గోలీల సీసా తెచ్చి చూపించాడు. అయిపోవలసిన సీసా సగానికి పైగా నిండుగా ఉంది. డాక్టరుగారు కొడుకును కోప్పడ్డారు, కొడుకు ఇంటికి వెళ్లి పెళ్లాన్ని కోప్పడ్డాడు. గోలీలు సరిగా పడకపోతే దవాఖానలో చేర్పించవలసి వస్తుందని కూడా డాక్టరుగారు చెప్పి పంపారు. పదిహేను రోజుల తరువాత, ఇల్లు ఎలా ఉందో చూసి రమ్మని నన్ను పంపారు.

నేను వెళ్లేసరికి మధ్యాహ్నం. అన్నం వేళ. లోపల గొడవ జరుగుతోంది.

"అన్నంల పసుపెందుకేసినవ్?"

"ఎయ్యలే అత్తమ్మా."

"మజ్జిగల గూడ ఏసినవ్. నాకు కండ్లు లేవా?"

పీట మీద కూర్చున్న రుక్మాబాయమ్మ నన్ను చూసి ఆగింది. నేనెవరో చెప్పాను. కంచం నా వైపు కొద్దిగా జరిపింది, ముట్టనీయకుండా.

"నువ్వు చెప్పు బిడ్డా. గిది తెల్లగున్నదా?"

తెల్లగానే ఉందన్నాను.

"నిన్ను గూడ మలుపుకున్నదా," అంది కోడలి వైపు చూస్తూ. "వచ్చి గడియ కాలే."

మూడు నాలుగు రోజులుగా ఇదే గొడవట. అన్నం తినడం లేదు, తిన్నది కక్కుకుంటోంది. రాఘవరావు మొదటి రోజు భార్య పక్షం, రెండో రోజు తల్లి పక్షం మాట్లాడి, మూడో రోజు నుంచి ఆఫీసుకు తొందరగా వెళ్లడం మొదలుపెట్టాడు.

పెద్దావిడ కట్టుకున్నది తెల్లచీర. మీ చీర ఏ రంగు అని అడిగాను. చీర కొంగు చూసుకుంది.

"గిది గూడ పచ్చగనే ఉన్నది," అంది. "సాకలోడు ఖరాబ్ చేసిండు."

డిజిటాలిస్ ఎక్కువైనవాళ్లకు అన్నీ పసుపుపచ్చగా కనిపిస్తాయని చదువుకునే రోజుల్లో పుస్తకంలో ఒక వాక్యం ఉండేది. పరీక్షలో వస్తుందని కింద గీత పెట్టుకున్నాను. రాలేదు. ఆ పూట అన్నం ఎలాగూ వదిలేసింది కనుక ఆమె చెయ్యి పట్టుకుని చూశాను. నాడి చాలా నెమ్మదిగా ఉంది, మధ్యమధ్య తప్పుతోంది.

మందు ఎలా వేసుకుంటున్నారని అడిగాను. తిన్నాక వేసుకోమన్నారు, తిన్నాకే వేసుకుంటున్నానంది. రోజుకు ఎన్నిసార్లు తింటారని అడిగాను. అడగకూడనిది అడిగినట్టు చూసింది.

"ఒక్కపొద్దు బిడ్డా. ఆయన పోయిన కాన్నుంచి గంతే."

పగటిపూట ఒక్కసారి అన్నం. పొద్దున, రాత్రి గ్లాసెడు పాలు. పాలు తాగడం తినడం కాదు. కనుక గోలీలు మధ్యాహ్నం ఒక్కసారే. ఆమె మరిచిపోలేదు, మొండికెయ్యలేదు. డాక్టరు చెప్పిన మాటను ఆ ఇంట్లో అక్షరాలా పాటించిన మనిషి ఆమె ఒక్కతే. మరి తక్కిన పూటల సంగతి కోడలు అడగలేదా అంటే, అడిగిందట. పెద్దావిడ "తిన్నంక" అన్నదట. ఒక్కపొద్దు ఉండే అత్తగారిని రెండోసారి తినమని ఏ కోడలూ చెప్పదు.

అంతవరకు బాగానే ఉంది. కాని రోజుకు ఒక్కసారి వేసుకునే మనిషికి నాడి ఇంత పడిపోకూడదు. తక్కిన గోలీలు కూడా ఎలాగో ఆమె లోపలికే పోతున్నాయి. నేను వంటింటి గడప దగ్గరికి వెళ్లాను.

వంటిల్లు

"ఎన్ని కలుపుతున్నవ్?" అని అడిగాను.

ఏమిటని యశోద అడగలేదు. పొద్దున పాలల్లో రెండు, రాత్రి పాలల్లో రెండు అని చెప్పింది. నూరి, గుడ్డలో వడగట్టి, చేదు తెలియకుండా బెల్లం వేస్తోంది. సీసా చూపించి కోప్పడిన రోజు నుంచి మొదలుపెట్టింది.

"దవాఖానకు తీస్కపోతే ఆమె గాడ మెతుకు ముట్టది నర్సమ్మా. మడి పోతదని మంచినీళ్లు గూడ తాగది. నాలుగు దినాలల్ల పోతది. గందుకే కలిపిన."

ఆ లెక్కలో తప్పు లేదు. డాక్టరు రాసినన్ని గోలీలు డాక్టరు చెప్పినన్ని పూటలు లోపలికి పంపించింది. కాకపోతే ఆ రెట్టింపు, పెద్దావిడ వాటిని వేసుకోని రోజుల్ని చూసి రాసిన రెట్టింపు. అసలు మోతాదు సరిగా పడి ఉంటే డాక్టరు పెంచేవారే కాదు. పెంచాక, పడింది.

యశోదకు ఇదంతా చెప్పాను. ఆమె విన్నది. తరువాత అడిగింది ఒక్కటే.

"ఆమెకేమన్నైతే నన్నేమంటరు?"

అత్తకు చెప్పకుండా పాలల్లో కలిపిన కోడల్ని ఏమంటారో ఆ సందులో అందరికీ తెలుసు. దానికి ఒకటే మాట ఉంది. ఇద్దరం ఆ మాట పైకి అనలేదు. ముందు ఏమీ కాకుండా చూద్దాం, ఇక ఒక్క గోలీ కూడా ఇవ్వకు అని చెప్పి, రిక్షా ఎక్కి ఆబిడ్స్ వెళ్లాను.

డాక్టరు వచ్చాక

నాడి సంగతి చెప్పగానే డాక్టరుగారు బయలుదేరారు. ఆయనకు దారిలో అంతా చెప్పాలనుకున్నాను. కాని ఆయన తన సైకిల్ మీద ముందు వెళ్లిపోయారు. నేను చేరేసరికి ఆఫీసు నుంచి రాఘవరావు కూడా వచ్చేశాడు. పక్కింటివాళ్లు కబురు పంపారట. ఏం కబురు పంపారో అతని ముఖం చూస్తే తెలుస్తోంది.

డాక్టరుగారు నాడి పట్టుకుని చాలాసేపు ఉన్నారు. పెద్దావిడ కొడుకుతో మాట్లాడింది.

"రాఘవా, నీ పెండ్లాం నా పాలల్ల ఏమో కలుపుతున్నది. చేదుంటున్నయి."

రాఘవరావు తిరిగి భార్యను చూశాడు. గొంతు పెంచలేదు.

"ఏం కలిపినవ్?"

యశోద నోరు తెరవలేకపోయింది. ఇంకొక నిమిషం అలాగే గడిస్తే ఆమె ఆ ఇంట్లో ఇక ఎన్నటికీ నోరు తెరవగలిగేది కాదు.

"ఆమె కలిపింది మీరిచ్చిన గోలీలే, డాక్టర్ సాబ్," అన్నాను. "పెద్దమ్మ ఒక్కపూటనే తింటది. మిగతా రెండు పూటలవి పాలల్ల ఇచ్చింది."

ఆయన వేళ్ల మీద లెక్క పెట్టుకున్నారు. మొదట ఎన్ని పడ్డాయి, పెంచాక ఎన్ని, పాలల్లో ఎన్ని. లెక్క అయ్యాక మంచం పక్కనున్న పెట్టె మీద కూర్చున్నారు. రాఘవరావుతో ఇంగ్లీషులో చెప్పారు. మోతాదు పెంచేముందు ఆవిడ ఎలా తింటుందో కనుక్కోవలసింది, కనుక్కోలేదు, తప్పు తనదే అన్నారు. నాకు అర్థమైంది, రాఘవరావుకు అర్థమైంది. మంచం మీద మనిషికి, గడప దగ్గర మనిషికి అర్థం కాలేదు.

"ఏమంటుండు?" అంది పెద్దావిడ.

రాఘవరావు డాక్టరుగారి వైపు చూశాడు. డాక్టరుగారు నా వైపు చూశారు. నేను థర్మామీటరు తుడుస్తున్నాను. అది అప్పటికే తుడిచి ఉంది.

ఆయన పెద్దావిడ వైపు తిరిగారు. "మందు ఎక్కువైంది పెద్దమ్మా. ఎక్కువ రాసింది నేను. నీ కోడలు నేను రాసిందే ఇచ్చింది."

పెద్దావిడ ఆలోచించింది.

"నాతోని చెప్పక ఇచ్చింది."

"ఔ," అన్నారు డాక్టరుగారు. "గది మాత్రం నేను రాయలే."

ఆయన దగ్గర ఏడేళ్లు పనిచేశాను. ఆయన తప్పు ఒప్పుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. రెండు భాషల్లో ఒప్పుకున్నారు. చాలామంది పెద్దవాళ్లు మొదటి భాషతో ఆపేస్తారు.

నా అభిప్రాయం

మందును తిండిలో దాచి ఇవ్వకండి. దానివల్ల ప్రాణం నిలిచినా ఇవ్వకండి అంటే మీరు ఒప్పుకోరు. నేనూ పూర్తిగా ఒప్పుకోను. కాని దాచి ఇచ్చిన రోజు నుంచి ఆ మనిషికి ఇంట్లో తినడానికి ఏమీ మిగలదని తెలుసుకుని ఇవ్వండి.

మా ఆయనకు చివరి రెండేళ్లు మందులు నేనే ఇచ్చాను. ఇదెందుకు అని ప్రతి గోలీకీ అడిగేవాడు. నిన్న చెప్పాను కదా అనవచ్చు. అనలేదు. ఇది నా మంచితనం కాదు, నాంపల్లిలో నేర్చుకున్న పని.

పాలు

దవాఖానకు తీసుకుపోవడం గురించి మాట వచ్చింది. ఆ రోజుల్లో దవాఖానలో అయినా చేయగలిగింది గోలీలు ఆపి ఎదురుచూడటమే. ఆ ఎదురుచూపు ఇంట్లోనే చేద్దామని డాక్టరుగారు అన్నారు. నేను రెండు పూటలా వెళ్లాలి.

కొత్త చిక్కు వచ్చింది. రుక్మాబాయమ్మ కోడలి చేతిది ఏదీ తీసుకోదు. నా చేతి నీళ్లు ఎలాగూ తాగదు. కొడుకు బజారు నుంచి తెచ్చిన పాలు మైల. ఆ ఇంట్లో ఆమె మడికి సరిపోయేలా వండగలిగింది యశోద ఒక్కతే, ఆమె నమ్మనిది కూడా యశోదనే. రుచి చూసి ఇమ్మందామంటే ఎంగిలి అవుతుంది. చివరికి కొడుకు బత్తాయిలు తెచ్చాడు. ఆమె తనే తొక్క వొలుచుకుని తినేది. తొక్క తీయని పండులో ఎవరూ ఏమీ కలపలేరని ఆమె లెక్క. బత్తాయిల మీద గుండె జబ్బు మనిషి ఎన్నాళ్లు నిలుస్తుందో నాకు తెలియదు, డాక్టరుగారికీ తెలియదు. రోజురోజుకూ లేచి కూర్చోవడం కష్టమవుతోంది.

ఒకరోజు పొద్దున నేను వెళ్లేసరికి యశోద కుంపటిని వంటింట్లోంచి తెచ్చి అత్తగారి మంచానికి ఎదురుగా పెట్టింది. స్నానం చేసి, తడిబట్టతో ఉంది. ఖాళీ గిన్నెను పెద్దావిడకు కనిపించేలా వంచి చూపించి, పాలు పోసి, కుంపటి మీద పెట్టి కూర్చుంది. ఇద్దరూ పాల వంక చూస్తున్నారు. నేను గడప బయట నిలబడ్డాను. పాలు కాగడానికి చాలాసేపు పట్టింది.

"బెల్లం ఎయ్యకు," అంది పెద్దావిడ.

"ఎయ్య."

గ్లాసులో పోసి ముందు పెట్టింది. పెద్దావిడ వాసన చూసింది. కొంచెం తాగి ఆగింది. మిగతావీ తాగింది. యశోద గిన్నె తీసుకుని లోపలికి వెళ్లి, అక్కడ ఏడ్చింది. పెద్దావిడకు వినిపించేంత దగ్గరే. ఆ రోజు నుంచి కుంపటి మంచం ముందే.

తరువాత ఒక ఉదయం పెద్దావిడ ఎదురుగా ఉన్న గోడ చూసి, సున్నం ఎప్పుడు కొట్టించిన్రు అని అడిగింది. ఎవరూ కొట్టించలేదు. నేను నాడి చూసి క్లినిక్‌కు వెళ్లి చెప్పాను. డాక్టరుగారు తల పంకించి తరువాతి మనిషిని పిలవబోయి, ఆగి, మళ్లీ చెప్పమన్నారు.

గుండె కుదుటపడ్డాక మళ్లీ మందు మొదలుపెట్టారు. రోజుకు ఒక్క గోలీ, మధ్యాహ్నం తిన్నాక. ఒంట్లో చేరవలసింది ఒకసారి చేరింది కనుక ఇక నిలబెట్టడానికి ఒకటి చాలునని నాకు వివరించారు. నేను నాంపల్లి వెళ్లి చెప్పాను.

"నేను మొదటి సంది గదే ఏసుకుంటి," అంది రుక్మాబాయమ్మ.

ఆ గోలీని యశోద దోసిట్లోకి వేసేది. ప్రతిరోజూ పెద్దావిడ అడిగేది, ఇదేం గోలీ అని. గుండెది అత్తమ్మా, ఒక్కటే, అని ఈమె చెప్పేది. పాలల్ల? పాలల్ల ఏం లేదు. సాక్షి చేత చెప్పించినట్టు ప్రతిరోజూ చెప్పించేది. ఒక్కోరోజు రెండుసార్లు. రాఘవరావు విసుక్కున్నాడు. యశోద విసుక్కోలేదు. నేను వారానికి రెండుసార్లు వెళ్లి, ఆ ప్రశ్నలు, ఆ జవాబులు విని, నాడి చూసి వచ్చేదాన్ని.

వానాకాలం వెళ్లాక ఒక మధ్యాహ్నం నేను కూర్చుని ఉండగా యశోద గోలీ తెచ్చింది. పెద్దావిడ పక్కింటి పెళ్లి గురించి నాకు చెబుతోంది. అల్లుడికి పెట్టిన బట్టల మీద ఆమెకు అభ్యంతరాలున్నాయి. చెబుతూనే చెయ్యి చాపింది, గోలీ నోట్లో వేసుకుంది, నీళ్లు తాగింది, ఆ బట్టల సంగతి మళ్లీ ఎత్తుకుంది. యశోద అక్కడే నిలబడింది. కొంచెంసేపు చూసి, నన్ను చూసింది.

"అడగలే," అంది, నాకు మాత్రమే వినిపించేలా.

నేను క్లినిక్‌కు వెళ్లి, ఆ ఇంటికి ఇక నేను వెళ్లనక్కరలేదని డాక్టరుగారికి చెప్పాను.